బైరన్‌ను వెళ్లగొట్టింది ఎవరు?

1816 ఏప్రిల్ 25న డోవర్ రేవులో ఓడెక్కిన లార్డ్ బైరన్ ఆ తర్వాత ప్రాణాలతో ఇంగ్లండ్ తిరిగి రాలేదు. అప్పటికి అతని వయసు 28. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ‘ది కోర్సేర్’ అనే కథాకావ్యం మొదటి రోజే పది వేల ప్రతులు అమ్ముడుపోయింది. ప్రభువుల సభలో సభ్యత్వం, పేరున్న వంశం, చూసినవాళ్లు మరిచిపోలేని రూపం అన్నీ ఉన్నాయి. అటువంటి మనిషి భార్యనూ నెలల పిల్లనూ వదిలి ఎందుకు వెళ్లిపోయాడు? సాహిత్య చరిత్రలు దేశబహిష్కారం అని ఒక ముక్క రాసి ముందుకు సాగిపోతాయి. బహిష్కరించింది ఎవరో మాత్రం చెప్పవు.

నిజానికి ఏ కోర్టూ అతనికి శిక్ష వేయలేదు. దేశం విడిచి పొమ్మని రాజు ఆజ్ఞాపించలేదు. 1820లో రష్యా చక్రవర్తి పుష్కిన్‌ను రాజధాని నుంచి దక్షిణాదికి పంపించేశాడు. అది ప్రభుత్వం విధించిన ప్రవాసం. బైరన్ సంగతి అలాంటిది కాదు. అతను ఏ రోజైనా ఓడెక్కి వెనక్కి రావచ్చు. రాలేదు. ఎందుకు రాలేదన్న ప్రశ్నలో అప్పులున్నాయి, పెళ్లికి సంబంధించిన చట్టాలున్నాయి, పుకార్లున్నాయి, రాజకీయాలున్నాయి. ప్రేమకథల వెలుగులో ఇవన్నీ కనిపించకుండా పోతాయి. మన భావకవులు షెల్లీని, కీట్స్‌ను దగ్గరికి తీసుకున్నంతగా బైరన్‌ను తీసుకోలేదు. అందువల్ల కాబోలు తెలుగులో అతని గురించి కవిత్వం కన్నా గాలికబుర్లే ఎక్కువ వినిపిస్తాయి.

అప్పుల నుంచి మొదలుపెడదాం. పదేళ్ల వయసులో, 1798లో, బైరన్‌కు బిరుదు వచ్చింది. దానితోపాటు నాటింగ్‌హామ్‌షైర్‌లో న్యూస్టెడ్ ఆబీ అనే పాత మఠం, దాని చుట్టూ ఉన్న భూములు వచ్చాయి. భవనం శిథిలం. తండ్రి చేతికి అందినదంతా తగలేసి ఎప్పుడో చనిపోయాడు. తల్లి స్కాట్లండ్‌లోని అబర్‌డీన్‌లో అరకొర రాబడితో, పుట్టుకతోనే కుడి పాదం వంకరగా ఉన్న కొడుకును పెంచుకొచ్చింది. బైరన్ మైనారిటీ తీరకముందే వడ్డీ వ్యాపారుల గుమ్మం తొక్కాడు. 1809 నుంచి 1811 దాకా పోర్చుగల్, స్పెయిన్, అల్బేనియా, గ్రీసు, తుర్కీ తిరిగినదంతా అప్పు సొమ్ముతోనే. ఆ ప్రయాణం నుంచే ‘చైల్డ్ హెరాల్డ్’ పుట్టింది. 1812 మార్చిలో అచ్చయిన ఆ కావ్యం అతన్ని రాత్రికి రాత్రి ప్రసిద్ధుణ్ణి చేసింది. కానీ ప్రభువంశీకుడు రాతకు కూలి తీసుకోవడం నామర్దా అనుకొని, దాని హక్కులను ఒక దూరపు బంధువుకు ఇచ్చేశాడు. పేరు కవిది, లాభం ఇతరులది.

న్యూస్టెడ్‌ను అమ్మేస్తే గట్టెక్కవచ్చనుకున్నాడు. 1812లో 1,40,000 పౌండ్లకు ఒకాయన బేరం కుదుర్చుకొని, సగంలో చేతులెత్తేశాడు. ఆ తర్వాత వచ్చిన పెళ్లి అప్పులవాళ్లకు ఆశ పుట్టించింది. 1815 జనవరి 2న బైరన్ పెళ్లాడిన అనబెల్లా మిల్‌బాంక్‌కు పెద్ద ఆస్తి కలిసివస్తుందని లోకమంతా అనుకుంది. ఆమె మేనమామ ఆ ఏడాదే చనిపోయాడు కూడా. అయితే ఆస్తి ముందు అనబెల్లా తల్లికి వెళ్లింది. కొత్త దంపతులకు మిగిలింది ఏడాదికి 700 పౌండ్ల అద్దెతో తీసుకున్న పికడిల్లీ ఇల్లు, గుమ్మం ముందు అప్పులవాళ్ల వరుస. 1815 నవంబరు నాటికి కోర్టు అమీనా ఆ ఇంట్లోనే మకాం వేశాడు. అప్పు తీర్చలేదని లార్డును జైలుకు పంపే వీలు ఆనాటి చట్టంలో లేదు. సామాను జప్తు చేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. అదే ఇంట్లో, ఆ డిసెంబరు 10న కూతురు ఏడా పుట్టింది. తర్వాతి కాలంలో చార్లెస్ బాబేజ్ గణనయంత్రం మీద రాసిన వివరణలతో పేరు పొందిన ఏడా లవ్‌లేస్ ఈమే.

పెళ్లి ఎందుకు కూలిందన్న దానికి అప్పులే చాలినంత కారణం అంటే అది అనబెల్లాకు అన్యాయం చేసినట్లే. ఆమె గణితం ఇష్టంగా చదువుకున్న, ఆలోచనాపరురాలైన యువతి. 1812లో బైరన్ మొదటిసారి అడిగినప్పుడు కాదంది. రెండోసారి ఒప్పుకుంది. ఇతన్ని మార్చగలనన్న నమ్మకం ఆమెకుంది. ఈమె తనను మార్చేస్తుందన్న భయం అతనికి ఉన్నట్లు కనబడదు. ఏడాదిపాటు అతను తాగాడు, తుపాకులతో ఆడాడు, తన పాత పాపాల గురించి భార్య ముందు సగం సగం చెప్పి ఆమెను వేధించాడు. 1816 జనవరి 15న ఆమె నెల రోజుల బిడ్డను తీసుకొని పుట్టింటికి వెళ్లింది. దారిలోంచి భర్తకు ఆప్యాయంగానే ఉత్తరం రాసింది. ఫిబ్రవరి 2న మామగారి దగ్గర నుంచి వేరుపడదామని కబురు వచ్చేసరికి బైరన్ నివ్వెరపోయాడు.

ఈ రెండింటి మధ్య ఏం జరిగిందన్నదే బైరన్ జీవితచరిత్రకారులందరికీ తలనొప్పి. నాకు తోచినంతలో, ముడి విప్పడానికి సూత్రం ఒకటుంది. అనబెల్లా మొదట భర్తకు మతి చలించిందేమోనని నమ్మింది. వైద్యులను సంప్రదించింది కూడా. జబ్బు మనిషి మీద కోపం తగదు కాబట్టి ఆప్యాయంగా రాసింది. వైద్యులు మతిభ్రమణం లేదని తేల్చారు. జబ్బు కాకపోతే అతను చేసిందంతా తెలిసి చేసిందే. అప్పుడిక కాపురం చేయకూడదని నిర్ణయించుకుంది. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు, లెక్క తెలిసిన మనిషి వేసుకున్న మెట్లే ఉన్నాయి.

అక్కడి నుంచి కథ వకీళ్ల చేతుల్లోకి వెళ్లింది. ఆనాటి ఇంగ్లండ్‌లో పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. భర్త వ్యభిచారం ఒక్కటే చూపి భార్య దాన్ని సాధించడం అసాధ్యమనే చెప్పాలి. చర్చి కోర్టు వేరుగా ఉండడానికి మాత్రమే అనుమతించేది, అదీ క్రూరత్వాన్నో వ్యభిచారాన్నో రుజువు చేస్తే. అన్నిటికన్నా భయంకరమైనది బిడ్డ సంగతి. పిల్లల మీద చట్టబద్ధమైన హక్కు తండ్రిదే. పాలు తాగే పసిపిల్లనైనా తీసుకుపోతానంటే ఆపే చట్టం లేదు. తల్లికి కొంతైనా అవకాశమిచ్చిన చట్టం 1839లో గాని రాలేదు. బైరన్ ఏడాను తీసుకెళ్లి సవతి అక్క ఆగస్టా దగ్గర పెంచితే అనబెల్లా చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

అందుకే ఆమె పక్షానికి ఒక ఆయుధం కావాల్సి వచ్చింది. కోర్టుకెక్కితే ఏం బయటపెడతారోనన్న భయం బైరన్‌కు ఉండాలి; అది నిజంగా బయటపడకూడదు కూడా. బయటపడితే బెదిరింపు విలువ పోతుంది, కుటుంబం పరువు కూడా పోతుంది. ఫిబ్రవరిలో అనబెల్లా తన వకీలు స్టీఫెన్ లషింగ్టన్‌కు ఒంటరిగా ఏదో చెప్పింది. ఇద్దరినీ కలపవచ్చేమోనని అంతవరకూ అనుకున్న ఆ వకీలు, అది విన్నాక ఇక ఆ ప్రయత్నంలో తాను పాలుపంచుకోనని తేల్చేశాడు. ఏం చెప్పిందో బయటి లోకానికి చెప్పలేదు. వకీలు నోరు మూసుకున్నకొద్దీ లండన్ నోరు తెరుచుకుంది.

లండన్ మాట్లాడుకున్నవి ముఖ్యంగా రెండు. మొదటిది ఆగస్టా లీ గురించి. ఆమె బైరన్ తండ్రికి మొదటి భార్య వల్ల కలిగిన కూతురు. అక్కాతమ్ముళ్లలా ఒక ఇంట్లో పెరిగినవాళ్లు కాదు. 1813లో వాళ్లిద్దరి మధ్య ఏర్పడినది తోబుట్టువుల ప్రేమను దాటిపోయిందని అతని ఉత్తరాలు చదివిన పరిశోధకుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. 1814 ఏప్రిల్‌లో పుట్టిన ఆగస్టా కూతురు మెడోరా తండ్రి ఎవరన్నది మాత్రం తేలని ప్రశ్న. ఆగస్టా అప్పటికే వివాహిత, పిల్లల తల్లి. రుజువు లేనిచోట రుజువున్నట్లు రాసిన పుస్తకాలు చాలానే ఉన్నాయి.

రెండో పుకారు గురించి ఎవరూ పైకి మాట్లాడలేదు. అసలు ప్రమాదం అందులోనే ఉంది. బైరన్‌కు పురుషులతోనూ సంబంధాలు ఉండేవి. కేంబ్రిడ్జ్ రోజుల్లో, ఆ తర్వాత గ్రీసులో. స్వలింగ సంపర్కానికి ఆనాటి ఇంగ్లిషు చట్టం విధించే శిక్ష మరణం. 1861 దాకా అది పుస్తకాల్లో అలాగే ఉంది. ఉరి దాకా పోకపోయినా, 1810లో లండన్‌లో పట్టుబడ్డ కొందరిని కొయ్యకు బిగించి నడివీధిలో నిలబెడితే జనం రాళ్లతో, కుళ్లిన మాంసంతో కొట్టారు. 1812లో బైరన్‌ను పిచ్చిగా ప్రేమించి, అతను వదిలేశాక పగబట్టిన లేడీ కరోలిన్ లాంబ్ ఈ విషయాన్ని సరిగ్గా 1816లో అనబెల్లా చెవిన వేసింది. ఆగస్టా సంగతి సిగ్గుచేటు మాత్రమే, రెండోది మెడకు ఉరి. ఒప్పందం మీద బైరన్ సంతకం పెట్టడానికి ఏది ఎక్కువ కారణమో ఆలోచిస్తే నేను రెండోదాని వైపే మొగ్గుతాను.

దీనికి రాజకీయం తోడైంది. బైరన్ ప్రభువుల సభలో చేసిన మొదటి ప్రసంగం, 1812 ఫిబ్రవరి 27న, నాటింగ్‌హామ్ నేతపనివాళ్ల తరఫున. మగ్గాలు విరగ్గొట్టినవాళ్లకు మరణశిక్ష వేసే బిల్లును అతను వ్యతిరేకించాడు. యువరాజును ఎగతాళి చేస్తూ పద్యం రాశాడు. నెపోలియన్ మీద సానుభూతి దాచుకోలేదు. వాటర్లూ యుద్ధం గెలిచి ఏడాది కాని దేశంలో ఇవేవీ క్షమించదగిన నేరాలు కావు. ప్రభుత్వపక్ష పత్రికలకు అతని కాపురం దేవుడిచ్చిన అవకాశంగా దొరికింది. భార్యకు వీడ్కోలు చెబుతూ అతను రాసుకొని మిత్రులకు పంచిన పద్యం 1816 ఏప్రిల్‌లో అనుమతి లేకుండా పత్రికకెక్కింది. దానితోపాటు భార్య దగ్గరి పనిమనిషిని బండబూతులు తిట్టిన మరో పద్యం కూడా. ఒకదాంట్లో కన్నీరు, పక్కనే విషం. అదే నెలలో లేడీ జెర్సీ ఇంట్లో విందుకు ఆగస్టాతో కలిసి వెళ్తే, వాళ్లు గదిలోకి రాగానే కొందరు లేచి వెళ్లిపోయారు. ఏప్రిల్ 21న ఒప్పందం మీద సంతకమైంది. 23న లండన్ వదిలాడు. అతను వెళ్లిన కాసేపటికే అమీనాలు పికడిల్లీ ఇంట్లోకి చొరబడి పెంపుడు పక్షులు, ఉడుతతో సహా జప్తు చేశారు.

కాబట్టి వెళ్లగొట్టింది ఎవరంటే ఒక్క పేరు చెప్పలేం. అప్పులవాళ్లు, చట్టం, కులీనుల విందుగదులు కలిసి నెట్టాయి. కానీ నెట్టడం ఆగాక కూడా అతను రాలేదన్నది మరిచిపోకూడదు. 1817 చివర న్యూస్టెడ్ 94,500 పౌండ్లకు అమ్ముడుపోయి అప్పులు చాలావరకు తీరాయి. విదేశాల్లో జీవితం చౌక. ఇంకో మార్పు కూడా వచ్చింది. రాతకు డబ్బు తీసుకోవడం నామర్దా అన్న మనిషి ‘చైల్డ్ హెరాల్డ్’ మూడో సర్గకూ ‘షియోన్ ఖైదీ’కీ కలిపి రెండు వేల గినీలు పుచ్చుకున్నాడు. ప్రవాసి అన్న పేరు పుస్తకాల షాపులో బాగా చెల్లింది. ఆ సంగతి ప్రచురణకర్త జాన్ మర్రేకు తెలుసు, బైరన్‌కు ఇంకా బాగా తెలుసు. నెపోలియన్ బండికి నకలుగా 500 పౌండ్లకు చేయించుకున్న గుర్రపు బండిలో, బండి చేసినవాడికి డబ్బు ఇవ్వకుండానే, వాటర్లూ మీదుగా స్విట్జర్లాండ్ చేరిన మనిషిని కేవలం బాధితుడని అనడానికి నాకు నోరు రాదు.

జెనీవా సరస్సు ఒడ్డున గడిచిన 1816 వేసవి గురించి అందరికీ తెలిసిందే. ముందటి ఏడాది ఇండొనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి ఆకాశమంతా బూడిద కమ్మడంతో ఆ ఏడాది వేసవే రాలేదు. వానకు ఇంట్లో చిక్కుకున్న షెల్లీ, మేరీ, బైరన్, అతని వైద్యుడు పాలిడోరి దెయ్యాల కథలు రాద్దామనుకున్నారు. మేరీ నవల ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ అక్కడ మొలకెత్తింది. సరస్సు అవతలి హోటల్లో దిగిన ఇంగ్లిషు యాత్రికులు దుర్భిణులు పెట్టి బైరన్ ఇంటిని చూసేవారు. ఆ గుంపులో ఎవరూ అంతగా పట్టించుకోని మనిషి ఒకామె ఉంది: మేరీకి సవతి చెల్లెలు, పద్దెనిమిదేళ్ల క్లేర్ క్లేర్‌మాంట్. లండన్‌లో తానే చొరవ తీసుకొని బైరన్‌కు దగ్గరైంది. జెనీవాకు వచ్చేనాటికి గర్భవతి. బైరన్‌కు ఆమె మీద మక్కువ అప్పటికే తీరిపోయింది. ఆమె గురించి మళ్లీ చెబుతాను.

వెనిస్ కాలం గురించి ఎక్కువ చెప్పుకోవడం ఎక్కువమందికి ఇష్టం. నాకు అంత ఆసక్తి లేదు. బట్టల వ్యాపారి భార్య మరియానా సెగాతి, రొట్టెలు కాల్చేవాడి భార్య మార్గరీతా కోన్యి, ఇంకా ఎందరో. ఆ లెక్కలన్నీ బైరన్ ఉత్తరాల్లోంచి వచ్చినవే. అతను లండన్‌లో మర్రేకు రాసే ఉత్తరాలు ఒక్క మర్రే చదివి దాచుకునేవి కావు. ఆయన ఇంటికి వచ్చే సాహితీ మిత్రుల్లో చేతులు మారేవి. ఆ సంగతి బైరన్‌కు తెలుసు. అంటే అవి అంతరంగం విప్పిన ఉత్తరాలు కావు, దూరంగా ఉన్న ప్రేక్షకుల కోసం ఆడిన నాటకం. ఆ అంకెలను పక్కన పెడితే వెనిస్‌లో అతను పొద్దున్నే పడవేసుకొని సాన్ లజ్జారో దీవిలోని అర్మేనియన్ సన్యాసుల దగ్గరికి వెళ్లి వాళ్ల భాష నేర్చుకున్నాడు, ఇంగ్లిషువాళ్లకు పనికొచ్చే అర్మేనియన్ వ్యాకరణం తయారీలో సాయం చేశాడు. లిడో నుంచి గ్రాండ్ కాలువ దాకా పందెం కట్టి ఈదాడు. నేల మీద కుంటే కాలు నీళ్లలో అతన్ని ఇబ్బంది పెట్టేది కాదు. 1810లో డార్డనెల్స్ జలసంధిని గంటా పది నిమిషాల్లో ఈదిన గొప్ప చనిపోయేదాకా చెప్పుకున్నాడు. ‘డాన్ జువాన్’ కూడా వెనిస్‌లోనే మొదలైంది. అందులో తమాషా ఏమిటంటే, ఆడవాళ్లను వలలో వేసుకునేవాడిగా లోకం ఎరిగిన పాత్రను బైరన్ తిరగేశాడు. అతని జువాన్ అమాయకుడు. ఆడవాళ్లే అతన్ని లాక్కుపోతారు. తన గురించి తాను చెప్పుకున్న సాకులా ఇది వినిపిస్తుందని క్లేర్ అభిమానులు అంటే కాదనలేను. కానీ ఆ హాస్యం ముందు చైల్డ్ హెరాల్డ్ నిట్టూర్పులన్నీ వెలవెలబోతాయి.

1819 ఏప్రిల్‌లో పరిచయం పెరిగిన తెరెసా గుయిచ్చొలితో అతని జీవితం గాడిన పడింది. ఆమెకు ఇరవయ్యేళ్లు కూడా లేవు. భర్త కౌంటు అలెస్సాండ్రోకు అరవై దగ్గర. ఆనాటి ఇటలీ కులీన కుటుంబాల్లో పెళ్లయిన స్త్రీకి భర్త ఎరుకలోనే ఒక సేవక ప్రియుడు ఉండడం మామూలు. విసనకర్ర పట్టుకోవాలి, నాటకాలకు తోడు వెళ్లాలి, దానికో మర్యాద ఉంది. బైరన్ రవెన్నా వెళ్లి, ఆ కౌంటు భవనంలోనే పై అంతస్తు అద్దెకు తీసుకున్నాడు. నెలనెలా అద్దె ప్రియురాలి భర్తకే! 1820 జులైలో పోపు ఆ దంపతులు వేరుగా ఉండడానికి అనుమతించాడు. షరతు ఒకటి పెట్టాడు: తెరెసా తండ్రి ఇంట్లోనే ఉండాలి.

ఆ షరతును గుర్తుపెట్టుకోవాలి. తెరెసా తండ్రి, తమ్ముడు పియెత్రో గాంబా ఆస్ట్రియా పెత్తనానికి వ్యతిరేకంగా పనిచేసే కార్బొనారీ రహస్య సంఘంలో ఉన్నారు. బైరన్ కూడా చేరాడు. డబ్బు ఇచ్చాడు, ఇంట్లో ఆయుధాలు దాచాడు. 1820 డిసెంబరులో స్థానిక సైనికాధికారిని ఎవరో అతని ఇంటికి దగ్గర్లోనే కాల్చేస్తే, శత్రుపక్షం మనిషే అయినా లోపలికి మోయించాడు; ఆయన బతకలేదు. గూఢచారులు వెంటపడ్డారు, ఉత్తరాలు తెరిచి చదివారు. 1821 వసంతంలో నేపుల్స్ తిరుగుబాటును ఆస్ట్రియా సైన్యం అణిచేయడంతో రవెన్నా ఆశలూ చచ్చాయి. ఇంగ్లిషు ప్రభువును బయటికి గెంటితే దౌత్యపరంగా గొడవ. పోలీసులు సులువైన దారి పట్టారు. జులైలో గాంబాలను వెళ్లగొట్టారు. పోపు షరతు ప్రకారం తండ్రి వెంట కూతురు వెళ్లక తప్పదు, కూతురి వెంట బైరన్ వెళ్తాడు. అతను పిసాకు కదిలాడు. బైరన్ జీవితంలో ప్రభుత్వం పూనుకొని చేసిన బహిష్కారం ఏదైనా ఉంటే ఇదే. అందులోనూ ఆజ్ఞ అతని పేరు మీద లేదు.

ఇక క్లేర్ బిడ్డ. 1817 జనవరి 12న పుట్టిన అల్లెగ్రాను మరుసటి ఏడాది క్లేర్ బైరన్ దగ్గరికి పంపింది, ప్రభువు కూతురిగా పెరిగితే బతుకు బాగుంటుందని. బిడ్డను మళ్లీ చూడనిస్తారనుకుంది. బైరన్ మాత్రం క్లేర్ ముఖం చూడడానికే ఇష్టపడలేదు. పిల్ల ఇంటింటికీ మారి, చివరికి 1821 మార్చిలో బాన్యకవల్లోలోని కాన్వెంటుకు చేరింది. అది రవెన్నా నుంచి దాదాపు 20 కిలోమీటర్లు. షెల్లీ వెళ్లి చూసి వచ్చాడు. తండ్రి ఒక్కసారీ వెళ్లలేదు. బిడ్డకు అక్కడి చలి పడదని క్లేర్ బతిమాలుతూ ఉత్తరాలు రాసింది. 1822 ఏప్రిల్ 20న ఐదేళ్ల అల్లెగ్రా జ్వరంతో ఆ కాన్వెంటులోనే చనిపోయింది.

బైరన్ కుమిలిపోయాడు, అది నిజమే. శరీరాన్ని తాను చదువుకున్న హారోకు పంపించి, చర్చిలో ఫలకం పెట్టించమన్నాడు. అక్రమ సంతానమని చర్చి పెద్దలు ఒప్పుకోలేదు. ఇంగ్లండ్ క్రూరత్వానికి ఇది ఉదాహరణగా చెబుతారు. సరే. కానీ ఏడాను తన నుంచి వేరుచేశారని ‘చైల్డ్ హెరాల్డ్’ మూడో సర్గ మొదట్లోనూ చివర్లోనూ లోకమంతా ఏడ్చేలా రాసిన తండ్రి, చేతికి అందే దూరంలో ఉన్న రెండో కూతురి తల్లికి చేసింది సరిగ్గా అదే. తండ్రికే సర్వహక్కులు అన్న ఆ చట్టం భయంతోనే అనబెల్లా తెగించిందని ఇందాక చెప్పాను. అల్లెగ్రా కథ చదివాక ఆమె భయం అతిశయోక్తి అనిపించదు. బైరన్ అభిమానిగా ఇది రాయడం నాకు ఇష్టంగా లేదు, కానీ దీన్ని దాటవేసి గ్రీసుకు పరుగెత్తే జీవితచరిత్రలంటే ఇంకా అయిష్టం.

1822 జులై 8న షెల్లీ పడవ మునిగి చనిపోయాడు. పిసా మిత్రబృందం చెదిరిపోయింది. ఇటలీలోని జెనోవా రేవులో విసుగ్గా రోజులు లెక్కపెడుతున్న బైరన్‌ను 1823లో లండన్ గ్రీకు కమిటీ పలకరించింది. తుర్కీ ఏలుబడి మీద గ్రీకులు 1821లో తిరగబడ్డారు. బైరన్ పేరు ఉంటే ఐరోపా డబ్బు కదులుతుంది. జులైలో ‘హెర్క్యులిస్’ అనే ఓడలో బయల్దేరాడు. హోమరు కాలం నాటి వీరుల్లా శిరస్త్రాణాలు చేయించుకొని మరీ వెళ్లాడు. నవ్వు వచ్చే ఆ సంగతిని అందరూ చెబుతారు. తర్వాత అతను చేసినది తక్కువమంది చెబుతారు.

ఆగస్టులో బ్రిటిష్ రక్షణలో ఉన్న కెఫలోనియా దీవిలో దిగి, దాదాపు ఐదు నెలలు కదలలేదు. భయపడి కాదు. గ్రీకు నాయకులు తుర్కులతోపాటు ఒకరితో ఒకరు కూడా పోరాడుకుంటున్నారు. కొలొకొత్రోనిస్, మవ్రొకొర్దాతోస్, ఒదిసియస్ అంద్రుత్సోస్ ఎవరికి వారే బైరన్ తమవాడు కావాలన్నారు, అంటే అతని పెట్టె తమది కావాలన్నారు. అతను ఎవరికీ మాట ఇవ్వకుండా అందరి మాటా విన్నాడు. గ్రీకు నౌకాదళం కదలడానికి సొంత డబ్బు 4,000 పౌండ్లు అప్పుగా ఇచ్చాడు. 1824 జనవరి మొదట్లో పశ్చిమ గ్రీసులోని మిసొలొంగి పట్టణం చేరాడు. చుట్టూ బురదనేల, దోమలు, ఎడతెగని వాన. సూలియోట్లనే కొండప్రాంతపు యోధులు దాదాపు 500 మందికి జీతాలు అతని జేబులోంచే. లెపాంటో కోట ముట్టడి చేద్దామనుకుంటే వాళ్లు జీతాలు పెంచమని అలిగారు. ఒక స్వీడిష్ అధికారిని గొడవలో చంపారు. చివరికి వాళ్లను పంపించేయాల్సి వచ్చింది. బైరన్ తుర్కీ బందీలను విడిపించి తిరిగి పంపాడు. దిక్కులేని ఒక తుర్కీ పిల్లను పెంచుకుందామని కూడా ఆలోచించాడు. జనవరి 22న, తన 36వ పుట్టినరోజున, రాసిన పద్యంలో తిరిగి దొరకని ప్రేమ గురించి వాపోయాడు. అది లూకాస్ అనే గ్రీకు యువకుడి గురించి అన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. 1816లో నోరెత్తకూడని విషయం ఎనిమిదేళ్ల తర్వాత కూడా పేరు లేకుండానే కవిత్వంలోకి వచ్చింది.

అంటే గ్రీసులో అతని సాహసం కత్తితో కాదు, చిట్టాపద్దుతో. ఒక్క యుద్ధంలోనూ పాల్గొనలేదు. జీతాలు లెక్కపెట్టడం, తగవులు తీర్చడం, ఎవరినీ నమ్మకుండానే అందరితో పనిచేయించడం; విలాస పురుషుడని పేరుబడ్డ మనిషిలో ఈ ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో ఆశ్చర్యం. నా దృష్టిలో అతని జీవితమంతటిలో పెద్దరికం కనిపించిన నెలలు అవే.

ఫిబ్రవరి 15న మూర్ఛలాంటిది వచ్చింది. ఏప్రిల్ 9న గుర్రం మీద షికారు వెళ్లి వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు. వైద్యులు బ్రూనో, మిలింజెన్‌లకు తెలిసిన చికిత్స రక్తం తీయడమే. బైరన్ చాలా రోజులు ఒప్పుకోలేదు. తీయించుకోకపోతే మతి పోయే ప్రమాదం ఉందని భయపెడితే చెయ్యి చాచాడు. జలగలతో, కత్తితో పదేపదే తీశారు. ఏప్రిల్ 19 సాయంత్రం చనిపోయాడు. కొద్ది రోజులకు ‘ఫ్లోరిడా’ అనే ఓడ జాంటే దీవికి చేరింది. గ్రీకుల కోసం లండన్ బజారులో ఎత్తిన 8,00,000 పౌండ్ల రుణంలో మొదటి వాయిదా దాంట్లో ఉంది. తిరుగు ప్రయాణంలో అదే ఓడ బైరన్ శవాన్ని ఇంగ్లండ్ తీసుకెళ్లింది. ఆ రుణం బాండ్లు నూటికి 59 చొప్పున అమ్ముడయ్యాయి, అంటే కాగితం మీద ఉన్న అంకెలో గ్రీసు కళ్లజూసింది సగానికి అటూ ఇటూ. కానీ అతని చావు ఐరోపాలో రేపిన సానుభూతి వేరే లెక్క. 1827 అక్టోబరులో నవరీనో దగ్గర బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా నౌకలు కలిసి తుర్కీ-ఈజిప్టు నౌకాదళాన్ని ముంచాయి. అందులో రాజ్యాల స్వార్థాలే ప్రధానం. అయినా గ్రీసు పక్షాన ప్రజాభిప్రాయం నిలవడంలో మిసొలొంగి మరణానికి పాత్ర ఉందని చరిత్రకారులు కాదనరు.

శవం వచ్చేలోపే లండన్‌లో మరో పని జరిగిపోయింది. బైరన్ తన జ్ఞాపకాలు రాసి 1819లో వెనిస్‌లో మిత్రుడు థామస్ మూర్ చేతిలో పెట్టాడు. మూర్ వాటిని రెండు వేల గినీలకు మర్రేకు అమ్మాడు. 1824 మే 17న మర్రే ఇంట్లో, ఆగస్టా తరఫువాళ్లు, అనబెల్లా తరఫువాళ్లు కూర్చొని ఉండగా, మూర్ వద్దంటున్నా ఆ రాతప్రతిని చింపి పొయ్యిలో వేశారు. కాల్చి తీరాలని పట్టుబట్టిన ప్రాణమిత్రుడు హాబ్‌హౌస్ దాన్ని చదవలేదు. మర్రే కూడా చదవలేదు. పెళ్లి గురించి బైరన్ చెప్పుకున్న పక్షం అలా పోయింది. అనబెల్లా పక్షం ఆమె చనిపోయాక బయటికొచ్చింది: ఆమె తనతో చెప్పుకున్నదంటూ అమెరికన్ రచయిత్రి హారియెట్ బీచర్ స్టో 1869లో ఆగస్టా సంగతిని పత్రికలో పేరుపెట్టి రాసింది. అట్లాంటిక్‌కు రెండు వైపులా పాఠకులు మండిపడ్డారు, బైరన్ మీద కాదు, స్టో మీద. ఆ వ్యాసం వేసిన పత్రిక చాలామంది చందాదారులను పోగొట్టుకుంది.